చేత్తో వేసిన వాల్‌పేపర్ మా హాల్‌కు పడ్తదా?

ప్రశ్న: మిర్యాలగూడల ఇల్లు కట్టుకుంటున్నం, దసరాకు గృహప్రవేశం. లండన్‌ల ఉండే మా మరిది ‘డి గోర్నే’ కంపెనీ వాల్‌పేపర్ ఫొటోలు పంపిండు, గోడ నిండ చెట్లు, పూలు, పిట్టలు, అంతా చేత్తోనే వేస్తరంట. మా ఆయనేమో ప్రింట్‌ది అగ్గువకొస్తది గదా అంటుండు. అంత తేడా ఉంటదా? హాల్‌ల వేయించొచ్చా?
– ఓ పాఠకురాలు, మిర్యాలగూడ

జవాబు: తేడా ఉంటది, మీ ఆయనకు చెప్పుండ్రి. ప్రింట్ రోల్‌ల అదే కొమ్మ, అదే పిట్ట మళ్ళ మళ్ళ వస్తది. చేత్తో వేసే దాంట్ల ముందు మీ గోడ కొలతలు తీస్కుంటరు, తలుపు ఏడుంది కిటికీ ఏడుంది స్విచ్‌బోర్డు ఏడుంది చూసి, కొమ్మ కిటికీ మీంచి పోయేటట్టు, పిట్ట మొఖం మీదికి బోర్డు రాకుండ డ్రాయింగ్ గీసి, అప్పుడు కాగితం అంటించిన పట్టుబట్ట మీద సన్న కుంచెతోని రంగులేస్తరు. 1986ల క్లాడ్ సెసిల్ గర్నీ పెట్టిన కంపెనీ ఇది, సొంతింట్ల పాత చైనా వాల్‌పేపర్ బాగుచేయించాలనుకున్న కాడ మొదలైంది. పేరు లండన్‌ది, కుంచె పట్టేది చైనాల. న్యూయార్క్‌ల గ్రేసీ అని ఇసొంటి వాల్‌పేపరే చేసే ఇంకో కుటుంబ కంపెనీ ఉంది, అది 1898 నాటిది.

ఇగ మీ హాల్ సంగతి. దసరాకైతే వద్దే వద్దు. కొత్త ప్లాస్టరింగ్ పచ్చి పోవాలె గదా, చెమ్మున్న గోడకు లప్పమే పొరలు పొరలు లేస్తది, ఉప్పు తేలి తెల్లగ రాలుతది, దాని మీద పట్టు అంటిస్తే మీ పైసలు గోడకు కొట్టినట్టే. ఒక వానాకాలం పోనిచ్చి గోడ అడుగున చెమ్ముందేమో చూడుండ్రి. అవతల బాత్రూం ఉన్న గోడ వద్దు, పొద్దుగూకే ఎండ నేరుగ పడే గోడా వద్దు, రంగు వెలుస్తది. అంటించుడు మామూలు పెయింటర్‌తోని అయ్యే పని కాదు, ముందు లైనింగ్ పేపర్ (అడుగున అంటించే ఉత్త కాగితం) వేసి అది ఆరినంక వాల్‌పేపర్ పట్టీలు వరుస తప్పకుండ కలపాలె, అది తెలిసినోళ్ళే రావాలె.

నన్నడిగితే ఒక్క గోడకు చాలు. అంత ఖర్చెందుకనుకుంటే చేర్యాల నకాషీ బొమ్మ పెద్దది చేయించుకోండ్రి, ఖాదీ బట్టకు చింతగింజల గంజి, సుద్ద పూసి గీస్తరు. ఫ్రేమ్ కట్టిస్తే చెమ్మొచ్చిన నాడు తీసి ఇంకో గోడకు తగిలించొచ్చు.

ప్రశ్న: పిల్లలు పెన్సిల్‌తోని గీస్తే ఈ పట్టు వాల్‌పేపర్ తుడ్వొచ్చా?
– ఓ పాఠకుడు, వనపర్తి

జవాబు: తడిబట్ట అస్సలు పెట్టొద్దు. దుమ్ము ఉంటే మెత్తని బ్రష్‌తోని దులపాలె, అంతే. గోడల మీద గీసే పిల్లలున్నరంటే కడగొచ్చే పెయింట్ వేయించుండ్రి, వాల్‌పేపర్ తర్వాత చూద్దాం.