మెయిల్ వచ్చింది, మేటర్ ఏది?

ప్రశ్న: హనుమకొండ చౌరస్తా దగ్గర మాకు చిన్న డీటీపీ సెంటర్ ఉంది. పెళ్లి పత్రికల మేటర్ కస్టమర్లు మెయిల్‌లో పంపుతుంటారు. కొన్నిటిలో పేర్లు ఉండాల్సిన చోట ఖాళీ, కొన్నిటిలో వరసగా ప్రశ్నార్థకాలు. పంపినవాళ్లేమో తమ దగ్గర బాగానే ఉందంటున్నారు. తప్పు ఎవరిది?

జవాబు: ముహూర్తాల రోజుల్లో ఇది టెన్షనే. కానీ ఖాళీ వేరు, ప్రశ్నార్థకాలు వేరు. రెండిటికీ ఒకే మందు పనిచేయదు.

ఖాళీగా ఉన్న మెయిల్ తెరిచి కంట్రోల్, ఏ కలిపి నొక్కండి. ఖాళీ చోట అక్షరాలు తేలితే మేటర్ వచ్చినట్టే. వర్డ్‌లోంచి కాపీ చేసి అతికించినప్పుడు అక్షరాల వెంట వాటి నలుపు రంగు కూడా వస్తుంది. మీ దగ్గర డార్క్ మోడ్ ఉంటే నల్ల తెర మీద నల్ల అక్షరాలు ఇంకేం కనిపిస్తాయి? ఆ మోడ్ తీసేయండి. అప్పటికీ ఏమీ తేలకపోతే పేర్లను బొమ్మగా పెట్టారేమో చూడండి. మెయిల్ పైన 'డిస్‌ప్లే ఇమేజెస్' అని ఉంటే నొక్కండి.

ప్రశ్నార్థకాల మీద మాత్రం ఆశ వదులుకోండి. కంప్యూటర్లు అక్షరాలను గుర్తుపట్టే యూనికోడ్ పద్ధతిలో తెలుగు అక్షరాలకు, గుణింతపు గుర్తులకు తలా ఒక నంబర్ ఉంటుంది. దారిలో ఏదైనా పాత సాఫ్ట్‌వేర్‌కి ఆ నంబర్లు తెలియకపోతే, వాటి బదులు '?' పెట్టేస్తుంది. మీకు చేరింది నిజంగా ప్రశ్నార్థకమే, ఏ ఫాంట్ వేసినా అది అక్షరం కాదు. ఓసారి బంధువు పంపిన పత్రికలో పెళ్లికొడుకు పేరు ఇలాగే వస్తే నేను నాలుగు ఫాంట్లు మార్చి గంట పాడుచేసుకున్నాను. టైప్ చేసిన ఫైల్ వాళ్ల దగ్గర బాగానే ఉంటుంది కాబట్టి, దాన్నే అటాచ్ చేసి పంపమనండి.

ప్రశ్నార్థకాలు కాక డబ్బాలు కనిపిస్తే సంతోషించండి. మేటర్ భద్రంగానే ఉంది, మీ సిస్టంలో తెలుగు ఫాంటే లేదు. ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా వస్తే యూనికోడ్ కాని 'అను' ఫాంట్లలో కొట్టి ఉంటారు. డీటీపీ నడిపేవారికి దాని సంగతి నేను చెప్పేదేముంది!

ప్రశ్న: నేను వరంగల్ ఎనుమాముల మార్కెట్లో అడ్తిదారును. మా గుమస్తా రోజూ తేజ, చపాటా మిర్చి ధరలు జీమెయిల్‌కు పంపుతాడు. కొన్ని రోజులుగా సగం లైన్లే కనిపిస్తున్నాయి.

జవాబు: మీ గుమస్తాను ఏమీ అనకండి. రోజూ ఒకే సబ్జెక్టుతో పంపుతున్నాడు కదా? అలాంటివాటిని జీమెయిల్ ఒకే సంభాషణగా కట్టేసి, నిన్నటి మెయిల్‌లో ఉన్న లైన్లే ఇవాళ మళ్లీ వస్తే పాతవే కదా అని దాచేస్తుంది. మెయిల్ అడుగున చిన్న మూడు చుక్కలు నొక్కితే బయటికొస్తాయి. ధర మారని రకాలే మాయమవుతున్నాయంటే కారణం ఇదే. సబ్జెక్టులో తేదీ వేయమనండి చాలు.

ఇంకో అవకాశం: మెయిల్ సుమారు 102 కేబీ దాటితే జీమెయిల్ అక్కడికి కత్తిరించి, కింద 'వ్యూ ఎంటైర్ మెసేజ్' అని పెడుతుంది. ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైట్ సరిపోతే, తెలుగులో 'స్త్రీ' అన్న ఒక్కదానికే 18 బైట్లు కావాలి. అయినా అసలు బరువు అక్షరాలది కాదు, రంగుల టేబుళ్ల వెనక దాగిన కోడ్‌ది. పట్టిక పెద్దదైతే ఎక్సెల్ ఫైల్ అటాచ్ చేయించండి.

ప్రశ్న: కరీంనగర్‌లో టీచర్‌ని. ఒక మెయిల్ ఖాళీగా వచ్చింది, కింద 'winmail.dat' అనే ఫైల్ మాత్రం ఉంది. వైరసా?

జవాబు: చాలావరకు కాదండీ. పంపినవారు అవుట్‌లుక్‌లో రిచ్ టెక్స్ట్ ఫార్మాట్ వాడితే ఇలా వస్తుంది. వాళ్లు వాడిన హంగులు, ఒక్కోసారి అటాచ్‌మెంట్లు కూడా అందులోనే ఇరుక్కుంటాయి. తెలిసినవారైతే ఫోన్ చేసి, ఫార్మాట్‌ను హెచ్‌టీఎంఎల్‌కు మార్చి మళ్లీ పంపమనండి. ముక్కూమొహం తెలియనివారు పంపితే ఆ ఫైల్ జోలికే పోకండి.