మాత్ర కంచంలో ఉండాలి

చిరంజీవి చిట్టితల్లికి, పెద్దమ్మ ఆశీస్సులు.

మీ బాపును హైదరాబాదు నుంచి హనుమకొండ ఇంటికి తెచ్చుకొని, డయాలసిస్ ఇక్కడే చేయిస్తూ, వంటా మందులూ నీ చేతిమీదుగానే చూసుకోవాలని నిశ్చయించుకున్నావట. నిన్న మీ అమ్మ ఫోనులో ఈ సంగతి చెబుతుంటే గర్వంతో నా కళ్లు చెమర్చాయి. ఆ వెంటనే, ఆయన రక్తంలో ఫాస్ఫరస్ 7.8 వచ్చిందని చెప్పేసరికి గుండె జారిపోయింది. రాత్రంతా నిద్ర పట్టక, తెల్లవారగానే ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

డయాలసిస్ ఒక్కసారి కూడా తప్పనివ్వవద్దు. పరీక్షల కాగితాలన్నీ తేదీల వరుసలో ఒకే ఫైలులో పెట్టు. ఈ రెండూ నీకు తెలిసినవే.

డయాలసిస్ చేయిస్తున్నాం కదా, ఫాస్ఫరస్ కూడా అందులోనే పోతుందని చాలామంది అనుకుంటారు. నాలుగు గంటలు యంత్రం మీద ఉంటే పోయేది సుమారు 800 మిల్లీగ్రాములు, అదీ వారానికి మూడుసార్లే. మనం రోజూ తినే తిండిలో దాదాపు 1,000 మిల్లీగ్రాములు ఉంటుంది, అందులో సగానికి పైగా ఒంటికి పడుతుంది. వారం లెక్క వేసి చూస్తే ఎంత మిగిలిపోతుందో నీకే అర్థమవుతుంది. అలా మిగిలినది పారాథైరాయిడ్ గ్రంథులను రెచ్చగొట్టి ఎముకల్లోని కాల్షియాన్ని లాగిస్తుంది, రక్తనాళాల గోడలకు సున్నంలా పట్టిస్తుంది.

ఇక నేను చేసిన తప్పు చెబుతాను, శ్రద్ధగా చదువు. మీ పెద్దబాపుకు డాక్టరు ఫాస్ఫరస్ తగ్గడానికి సెవెలమర్ మాత్రలు రోజుకు మూడు రాశారు. ఆయనకు మతిమరుపు. బడికి వెళ్లే తొందరలో ఉండే నేను, బీపీ మాత్రతో పాటు ఆ మూడింటినీ పొద్దున ఆరు గంటలకు పరగడుపునే మింగించి, ఆ రోజు పని అయిపోయిందని నిశ్చింతగా ఉండేదాన్ని. ఏడు నెలలు అలాగే గడిచాయి. ఫాస్ఫరస్ ఎనిమిది నుంచి దిగలేదు. లోపం తిండిలోనే ఉందనుకొని మొదట పాలు మాన్పించాను, తర్వాత గుడ్డు, ఆ తర్వాత పప్పు. ఆయన ఏమీ అనకుండా పచ్చిపులుసుతో అన్నం కలుపుకొని తినేవారు. ఒళ్లంతా దురద. అర్ధరాత్రి మంచం పట్టెకు వీపు ఆనించి రుద్దుకుంటున్న చప్పుడుకు నాకు మెలకువ వచ్చేది. దీపం వేసి చూస్తే చొక్కా వెనుక సన్నని రక్తపు చారలు కనిపించేవి. తిండి తగ్గించేకొద్దీ మనిషి చిక్కిపోయాడు, రక్తంలో ఉండే ఆల్బుమిన్ అనే మాంసకృత్తు కూడా పడిపోయింది.

చివరికి డయాలసిస్ గదిలో ఒక నర్సమ్మ, "ఈ మాత్ర వేసుకునేటప్పుడు ఆయన ఏం తింటారమ్మా?" అని అడిగింది. పరగడుపున వేస్తానని చెప్పాను. ఆ మాత్ర రక్తంలోకి వెళ్లి పనిచేసేది కాదని, పేగులో అన్నంతో కలిసినప్పుడే అందులోని ఫాస్ఫరస్‌ను పట్టుకొని బయటికి పంపుతుందని, అన్నం లేని కడుపులో దానికి పట్టుకోవడానికేమీ ఉండదని ఆమె ఓపికగా చెప్పింది. ఏడు నెలలు ఆ మనిషిని పస్తులుంచింది నేనే కదా అని ఆ గదిలోనే ఏడ్చాను.

ఆ రోజు నుంచి మాత్రను కంచంలో, మునుపు ఉప్పు వడ్డించే చోట పెట్టేదాన్ని. రెండు ముద్దలు తిన్నాక ఆయన దాన్ని నమలకుండా మింగేవారు. పెళ్లిళ్లకు వెళ్తే నా కుంకుమ బరిణెలో మాత్రలు ఉండేవి. పప్పు, గుడ్డులోని తెల్లసొన మళ్లీ పెట్టాను. రెండు నెలలకు ఫాస్ఫరస్ 5.2కు దిగింది, దురద తగ్గింది. మీ బాపుకు రాసింది ఇదే పనిచేసే లాంథనం మాత్ర అయితే దాన్ని నమిలి మింగాలి. ఏ మాత్ర రాశారో చూసి, డాక్టరును అడిగి తెలుసుకో.

తిండి విషయంలో నాలా భయపడి కడుపు మాడ్చవద్దు తల్లీ. డయాలసిస్‌లో ఉన్నవారికి మాంసకృత్తులు మామూలు కన్నా ఎక్కువే కావాలి. పప్పుల్లోని ఫాస్ఫరస్ ఫైటేట్ రూపంలో ఉండటం వల్ల ఒంటికి తక్కువే పడుతుంది. అయితే పప్పులో పొటాషియం కూడా ఉంటుంది కాబట్టి ఎంత పెట్టాలో డాక్టరును అడుగు. కారఖానాలో కలిపే ఫాస్ఫేట్ మాత్రం దాదాపు అంతా రక్తంలోకి చేరుతుంది. నల్లటి కూల్‌డ్రింకులు, ప్యాకెట్ మాంసం, డబ్బా చీజ్ ఇంటికి రానివ్వకు. ప్యాకెట్ వెనుక ఆ ఫాస్ఫేట్లకు గుర్తులైన 338 నుంచి 341 వరకు, 450 నుంచి 452 వరకు అంకెలుంటే కొట్లోనే వదిలేసి రా. ఎండు చేపలు, నువ్వుల ముద్దలు ఆయనకు ఎంత ఇష్టమో నాకు తెలుసు. సద్దుల బతుకమ్మ నాడు చిన్న ముద్ద ఒకటి పెట్టు, పక్కన మాత్ర మరచిపోకు.

నా భయం ఇంకొకటి ఉంది. ఈ మాత్రలతో మలబద్ధకం రావచ్చు. అప్పుడు మందుల దుకాణంలో అడిగి ఫాస్ఫేట్ ఎనిమా తెచ్చి వేస్తావేమోనని నాకు హడలుగా ఉంది. కిడ్నీలు పనిచేయని మనిషికి అది ప్రాణం మీదికి తెస్తుంది. ఏ విరేచనాల మందైనా సరే, డాక్టరును అడగకుండా తాకవద్దు.

వచ్చే నెల పరీక్ష కాగితం చేతికి రాగానే ఫోను చేసి ఫాస్ఫరస్, కాల్షియం, పీటీహెచ్ (పారాథైరాయిడ్ హార్మోను), ఆల్బుమిన్ నాలుగూ చదివి వినిపించు. నువ్వు తిన్నావో లేదో కూడా చెప్పు. ఆదివారం కాజీపేటలో దిగి మీ ఇంటికి వస్తాను, ఆ కుంకుమ బరిణె నీకు ఇచ్చి వెళ్తాను.

నీ పెద్దమ్మ