కోత చిన్నదే గానీ ఆపరేషన్ చిన్నది కాదు, బిడ్డా

బిడ్డా,

నువ్వు వాట్సాప్‌లో పెట్టిన రిపోర్టులు చూశాను. నడుము చివరి పూస, అదే ఎల్5, కింద ఉన్న ఎస్1 (నడుము కింది త్రికోణపు ఎముక పైభాగం) మీద నుంచి సగానికి పైగా ముందుకు జారింది, గ్రేడ్ 3. పావు వంతు లోపు జారితే గ్రేడ్ 1, సగం లోపైతే గ్రేడ్ 2. ఆ రెండింటిలో చాలామందికి మాత్రలు, ఎక్సర్‌సైజులతోనే గడిచిపోతుంది, నీది అదే అయితే కత్తి జోలికి పోకురా అనేదాన్ని. కానీ నీకు కాలులోకి తిమ్మిరి దిగి, బత్తాయి తోట ఒక చుట్టు తిరగకముందే గట్టు మీద కూలబడుతున్నావు కాబట్టి ఆపరేషన్ అన్న డాక్టరును తప్పుపట్టను.

నాకు నచ్చనిది మీ ఇంట్లో మాట్లాడుకుంటున్న తీరు. "కీహోల్ అంట, కోత కనపడదంట, మూడు రోజుల్లో ఇంటికంట" అని మీ అమ్మ ఫోన్లో మురిసిపోతోంది. ఆర్థో వార్డులో నర్సుగా చేసి రిటైరైనదాన్ని, విని ఊరుకోలేను. వీపు మధ్యలో పొడవుగా కోసి కండను ఎముక మీద నుంచి ఒలిచే బదులు, అటూ ఇటూ చిన్న గాట్లు పెట్టి, కండ సందులోంచి గొట్టం దింపి, సీ-ఆర్మ్ అనే, టేబుల్ దగ్గరే బొమ్మ చూపించే ఎక్స్‌రేలో చూసుకుంటూ స్క్రూలు వేస్తారు, తేడా అంతే. లోపల పని మాత్రం అదే: నరం మీద ఒత్తిడి తీయడం, పాడైన డిస్కు తీసేసి ఆ ఖాళీలో కేజ్ అనే చిన్న దిమ్మ పెట్టడం, ఎముక ముక్కలు నింపి రెండు పూసలూ ఒకటిగా అతుక్కునేలా రాడ్లతో బిగించడం. రక్తం తక్కువ పోతుంది, మొదటి వారాల్లో నొప్పి తక్కువ, త్వరగా లేచి తిరుగుతావు. అవి మంచి లాభాలే, కాదనను. అయితే ఏడాది, రెండేళ్లు గడిచాక పెద్ద కోతతో చేయించుకున్నవాళ్లకూ వీళ్లకూ చెప్పుకోదగ్గ తేడా కనపడదు.

అందుకే కోత ఎంత అని కాదు, ఇంతగా జారిన పూసలకు ఈ పద్ధతిలో ఎన్ని చేశారో డాక్టరును అడుగు. గ్రేడ్ 3, 4లకు ఇప్పటికీ ఓపెన్ ఆపరేషనే, అంటే పెద్ద కోతే మేలనే సర్జన్లు చాలామంది ఉన్నారు, మధ్యలో కుదరకపోతే ఓపెన్ చేస్తారా అనీ అడుగు. ఇంకోటి, జారిన పూసను వెనక్కి ఎంత లాగుతారు? మొత్తం సరిచేసేస్తామంటే సంతోషపడకు, ఎక్కువ లాగితే ఎల్5 నరం సాగి పాదం పైకి లేవకుండా పోయే ప్రమాదం ఉంది, చెప్పు కాలికి నిలవదు. ఇవి అడిగినందుకు విసుక్కునే డాక్టరైతే ఫైలు తీసుకుని లేచి వచ్చెయ్. నిమ్స్‌లోనో, బీబీనగర్ ఎయిమ్స్‌లోనో ఇంకొకరికి చూపించు. నిలబడి తీసిన ఎక్స్‌రే తప్పకుండా పట్టుకుపో, పడుకుంటే జారుడు ఒక్కోసారి తక్కువ కనపడుతుంది.

మీది మర్రిగూడ వైపు అని కూడా చెప్పు. ఇప్పుడు భగీరథ నీళ్లు వస్తున్నాయి సరే, నువ్వు పెరిగింది ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్ల మీద. ఫ్లోరైడ్ పట్టిన ఒంట్లో నరాల చుట్టూ ఉండే బంధనాలు ఎముకలా గట్టిపడి దారి ఇరుకవుతుంది. నీ నొప్పిలో జారుడు వాటా ఎంత, దాని వాటా ఎంతో డాక్టరు స్కాన్‌లో చూసుకోవాలి. హైదరాబాద్ డాక్టరుకు నీ ఊరు గుర్తుండాలని లేదు, నువ్వే గుర్తుచెయ్.

బీడీ మాట. స్క్రూలు స్లాబు కింద సెంట్రింగు లాంటివి, అసలు బలం ఎముక అతుక్కున్నాకే, దానికి ఆరు నెలల నుంచి ఏడాది పడుతుంది. పొగాకు ఆ అతుకును పడనివ్వదు, అతుకు పడకపోతే స్క్రూలు వదులై మళ్లీ టేబుల్ ఎక్కాలి. కనీసం నెల ముందు నుంచి మానెయ్, తర్వాత కూడా ముట్టకు. గుట్కా కూడా అంతే, తెలివితేటలు చూపించకు.

ఇంటికొచ్చాక రోజూ నడువు, కొద్దికొద్దిగా పెంచు. మూడు నెలల దాకా వంగి ఎత్తడం, నడుము తిప్పడం వద్దు. తోటకు మందు కొట్టే ట్యాంకు వీపుకు తగిలించుకునే మాట ఆ తర్వాత కూడా డాక్టరు ఒప్పుకుంటేనే, ఈ ఏడు కూలికి మనిషిని పెట్టుకో. ఆయన్ని అడగకుండా ఆర్‌ఎంపీ దగ్గర నొప్పి సూదులు పొడిపించుకోకు. ఎదురుకాళ్లతో పుట్టినవాడితో నడుము తన్నించుకోవడం అయితే ఆపరేషన్‌కు ముందూ వద్దు, తర్వాతా వద్దు, మీ నాయనకు కూడా గట్టిగా చెప్పు.

డబ్బు సంగతి: ఆరోగ్యశ్రీ 2023 డిసెంబర్ నుంచి పది లక్షల దాకా ఉంది, కానీ ఆ ఆసుపత్రిలో ఈ ఆపరేషన్, స్క్రూలు, కేజ్‌తో సహా అందులోకి వస్తుందో లేదో చేరకముందే ఆరోగ్యమిత్రను అడుగు.

తేదీ వచ్చేలోపు మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోయినా, బండి సీటు తగిలే చోట తిమ్మిరెక్కినా, కాళ్లు పడిపోతున్నట్టు అనిపించినా అపాయింట్‌మెంట్ కోసం చూడొద్దు. అర్ధరాత్రి అయినా సరే బండి మాట్లాడుకుని హైదరాబాద్ బయల్దేరండి, నాకు దారిలో ఫోన్ చేయొచ్చు.

నీ పెద్దమ్మ