కొత్తగా వినైల్ రికార్డులు వినేవారు తక్కువ ధరలో డైరెక్ట్ డ్రైవ్ టర్న్‌టేబుల్‌ను ఎలా ఎంచుకోవాలి?

మోటారు బలం కన్నా ముందు టోన్‌ఆర్మ్‌ను, అంటే సూదిని మోసే చేతిని, చూసి ఎంచుకోవాలి. వెనుక ఉన్న బరువును తిప్పి సూది ఒత్తిడిని సరిచేసుకొనే వీలు, సూది అమర్చి ఉండే చిన్న భాగమైన కార్ట్రిడ్జ్‌ను మార్చుకొనే వీలు తప్పనిసరిగా ఉండాలి. మోటారు ఇరుసు మీదే పళ్లెం తిరిగే డైరెక్ట్ డ్రైవ్ పద్ధతిలో సాగిపోయే బెల్టు ఉండదు, వేగం త్వరగా నిలకడకు వస్తుంది. అయితే గాడిలోని శబ్దాన్ని అందుకొనేది సూదే కాబట్టి, ఒత్తిడి సరిగా లేకపోతే ఎంత మంచి మోటారైనా చేయగలిగింది ఏమీ లేదు. ఉదాహరణకు, ఆడియో టెక్నికా వారి ఏటీ-ఎల్‌పి120ఎక్స్‌యూఎస్‌బీలో ఈ రెండు వీలులూ ఉన్నాయి, దానితో వచ్చే కార్ట్రిడ్జ్‌కు సుమారు 2 గ్రాముల ఒత్తిడి పెట్టాలి. కార్ట్రిడ్జ్ నుంచి వచ్చే బలహీనమైన సంకేతాన్ని పెంచే ఫోనో ప్రీఆంప్ కూడా లోపలే ఉంటుంది గనుక, సొంత యాంప్లిఫయర్ ఉన్న పవర్డ్ స్పీకర్లకు నేరుగా కలుపుకోవచ్చు. డైరెక్ట్ డ్రైవ్ డీజేలకే తప్ప ఇంటికి పనికిరాదన్నది అపోహ; డీజేల చేతుల్లో పేరుపొందిన టెక్నిక్స్ ఎస్‌ఎల్-1200 సైతం 1972లో ఇళ్లలో సంగీతం వినేవారి కోసమే వచ్చింది.