ఎడిటరే అభ్యర్థి అయితే?

ప్రశ్న: హన్మకొండలో చిన్న వారపత్రిక నడుపుతున్నాను. ఈసారి వరంగల్ వెస్ట్ నుంచి ఇండిపెండెంట్‌గా నిలబడదామనుకుంటున్నా. ఎడిటర్‌గా తప్పుకోవాలా? నా పేపర్లో నా గురించి రాసుకుంటే ఖర్చు కిందికి వస్తుందా?
– ఒక పాఠకుడు

జవాబు: తప్పుకోనక్కర్లేదు. గోలకొండ పత్రికతో పేరుపడ్డ సురవరం ప్రతాపరెడ్డి 1952లో వనపర్తి నుంచి గెలిచినవారే. చిక్కంతా రెండో ప్రశ్నలో ఉంది. సొంత పేపరే కదా, పైసా ఖర్చు లేదనుకుంటే పొరపాటు. ఆ ప్రచారానికీ రేటు కట్టి 40 లక్షల పరిమితిలో చూపాలి. ‘అన్న వెంటే జనం’ అని హెడ్డింగు పెట్టి, అదే ఫొటో, అవే వాక్యాలు ఇంకో పేపర్లోనూ వచ్చాయంటే పెయిడ్ న్యూస్‌ను, అంటే వార్త రూపంలో వేయించుకున్న ప్రచారాన్ని, పట్టే జిల్లా మీడియా కమిటీకి ఇట్టే దొరికిపోతారు. అచ్చయిన 96 గంటల్లోపు రిటర్నింగ్ అధికారి నోటీసు ఇస్తారు. మీరు 48 గంటల్లో జవాబివ్వకపోతే కమిటీ మాటే ఖాయం. పోలింగ్ రోజు, ముందురోజు వేసే ప్రకటనలకు ముందే అనుమతి తీసుకోవాలి.

కరపత్రాల మీద ప్రింటర్, పబ్లిషర్ పేర్లు, చిరునామాలు తప్పనిసరి. లేకుంటే ఆరు నెలల దాకా జైలు, 2,000 దాకా జరిమానా, లేదా రెండూ. నామినేషన్‌కు పదిమంది ప్రతిపాదకులు కావాలి, అందరూ ఆ నియోజకవర్గం ఓటర్లే అయి ఉండాలి. వర్ధన్నపేట ఓటరు సంతకం చెల్లదు, మీకెంత దగ్గరి చుట్టమైనా సరే.