విద్యాశాఖ మంత్రుల జాబితా రాయాలంటే ముందు శాఖ హద్దులు చూడండి

"ఆంధ్రప్రదేశ్‌లో విద్యాశాఖ మంత్రి పదవి ఎప్పుడు మొదలైంది? ఇప్పటిదాకా ఎవరెవరు చేశారు? సరైన జాబితా ఎక్కడైనా ఉందా?" అని అడిగారు. జాబితాలు చాలానే దొరుకుతాయి. నమ్మదగ్గవి తక్కువ. తప్పులు ఎక్కడ దొర్లుతున్నాయో తెలిస్తే ఆ పదవి చరిత్ర సగం తెలిసినట్టే, అందుకని అక్కణ్ణుంచే మొదలుపెడతాను.

మొదటి తప్పు ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డ 1953తో మొదలుపెట్టడం. కోస్తా, రాయలసీమ జిల్లాలకు విద్యామంత్రి అనేవాడు 1920 డిసెంబరులోనే వచ్చాడు. 1919 భారత ప్రభుత్వ చట్టం కింద మద్రాసు ప్రెసిడెన్సీలో ద్వంద్వ పాలన పెట్టినప్పుడు, శాసన మండలికి జవాబుదారీగా ఉండే మంత్రులకు అప్పగించిన శాఖల్లో విద్య ఒకటి. ఖజానా మాత్రం గవర్నరు కౌన్సిల్ చేతిలోనే ఉండిపోయింది. అంటే బడి పెట్టమని జనం మంత్రిని అడగాలి, మంత్రి వెళ్లి డబ్బుకి ఇంకొకరిని అడగాలి. వందేళ్లు దాటినా ఈ లోటు పోలేదని నా గట్టి అభిప్రాయం, కింద డీఎస్సీ (టీచర్ల నియామకాలు) సంగతి చదివితే మీరూ ఒప్పుకుంటారు.

ఆ రోజుల్లో విద్యాశాఖ చూసిన ఎ.పి. పాత్రో బరంపురం మనిషి. ఆంధ్ర విశ్వవిద్యాలయం బిల్లు ఆయన హయాంలోదే, చట్టం 1926లో అమల్లోకి వచ్చింది. యూనివర్సిటీ బెజవాడలో మొదలై 1930లో విశాఖకు వెళ్లింది. యూనివర్సిటీ కేంద్రం ఎక్కడుండాలన్న తగువులో సీమ జిల్లాలకు తగిలిన గాయం, కోస్తా, సీమ నాయకులు చేసుకున్న 1937 శ్రీబాగ్ ఒడంబడికలో కనిపిస్తుంది. అనంతపురంలో విశ్వవిద్యాలయ కేంద్రం పెట్టాలని అందులో రాసుకున్నారు.

రెండో తప్పు తెలంగాణ పాయను వదిలేయడం. హైదరాబాద్ రాష్ట్రంలో 1952లో ఏర్పడ్డ బూర్గుల రామకృష్ణారావు ప్రభుత్వంలో విద్యాశాఖ చూసినవారిలో గోపాలరావు ఎక్బోటే ఒకరు. తరవాత ఆయనే ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. ఉర్దూ మీడియం ఉస్మానియా వారసత్వం ఒక వైపు, మద్రాసు ప్రెసిడెన్సీ పద్ధతులు ఒక వైపు. 1956 నవంబరు 1న ఈ రెండూ ఒకే మంత్రి బల్ల మీదికొచ్చాయి. జాబితాలో రెండు పాయలూ విడివిడిగా చూపించి, ఆ తేదీ దగ్గర కలపాలి.

ఇక ఈ పదవిలో ఎవరు ఏం చేయగలిగారో చూడాలంటే 1968–71 మధ్య పి.వి. నరసింహారావు కాలం చూడండి. అప్పటికి కాలేజీ చదువంటే ఇంగ్లీషే. తెలుగులో చెప్పండని ఉత్తర్వు ఇవ్వడానికి ఒక కాగితం చాలు. కానీ లెక్చరర్ క్లాసులోకి ఏ పుస్తకం పట్టుకెళ్లాలి? అందుకే 1968లో తెలుగు అకాడమి పెట్టారు, పి.వి.యే తొలి అధ్యక్షుడు. ముందు పదాలు తేల్చాలి, తరవాత సిలబస్ ప్రకారం రచయితల చేత రాయించాలి, సంపాదకులు దిద్దాలి, జూన్‌లో కాలేజీలు తెరిచేలోపు అచ్చయి అందాలి. ఈ వరసలో ఒక్కటి ఆలస్యమైనా ఆ ఏడాది పిల్లలు నోట్సు మీదే బతకాలి. పైగా సరిగ్గా అప్పుడే, 1969–70లో, ఏడాది పి.యు.సి. (డిగ్రీకి ముందు చదివే కోర్సు) పోయి రెండేళ్ల ఇంటర్ వచ్చింది. దాన్ని చూసుకోవడానికి ఇంటర్మీడియట్ బోర్డు చట్టం 1971లో చేశారు. అవకలనం, సమాకలనం, ద్విపద సిద్ధాంతం, ఉత్ప్రేరకం లాంటి మాటలు పల్లెటూరి పిల్లల నోట పలికాయంటే ఆ పుస్తకాల వల్లే. సంస్కృతం పాలు ఎక్కువైందన్న విమర్శ అప్పుడూ ఉంది, అది నిజం కూడా. అయినా తెలుగు మీడియంలో ఇంటర్ చదివి పోటీ పరీక్షలకు కూర్చున్న వాళ్లలో ఆ పుస్తకాలు తిరగెయ్యని వాళ్లు అరుదు. అలాంటి సంస్థ ఆస్తుల పంచాయితీ రాష్ట్ర విభజన తరవాత సుప్రీంకోర్టు దాకా వెళ్లడం, 2021లో ఆంధ్రప్రదేశ్‌లో దాని పేరే తెలుగు–సంస్కృత అకాడమి అయిపోవడం చూస్తే బాధేస్తుంది.

1971లో ముఖ్యమంత్రి అయ్యాక పి.వి. నల్లగొండ జిల్లా సర్వేల్‌లో గురుకుల పాఠశాల పెట్టించారు. 1985లో కేంద్రంలో తొలి మానవ వనరుల అభివృద్ధి మంత్రి అయ్యాక వచ్చిన నవోదయ విద్యాలయాల్లో ఆ గురుకులం పోలిక స్పష్టంగా కనిపిస్తుంది.

ఆ మధ్యలో ఓ పెద్ద మార్పు జరిగింది, జాబితాలు రాసేవాళ్లు దాన్ని పట్టించుకోరు. 42వ రాజ్యాంగ సవరణతో 1977 జనవరి 3 నుంచి విద్య రాష్ట్ర జాబితాలోంచి, కేంద్రం కూడా చట్టాలు చేయగలిగే ఉమ్మడి జాబితాకు వెళ్లింది. పదవి పేరు అదే, బరువు తగ్గింది. మెడికల్ సీట్లు నీట్‌కి వెళ్లిపోయాక ఎంసెట్ పేరులోంచి మెడికల్ తీసేయాల్సి రావడం దాని ఫలితమే.

మూడో తప్పు ప్రమాణ స్వీకారం తేదీనే పదవి తేదీగా రాయడం. ప్రమాణం ఒక రోజు, శాఖల కేటాయింపు ఇంకో రోజు. కేటాయింపు ఉత్తర్వు సాధారణ పరిపాలన శాఖ ఇస్తుంది, గెజిట్‌లో వస్తుంది, ఆ తేదీ తీసుకోండి. విద్యాశాఖ జీవోల్లో మంత్రి పేరు వెతక్కండి. రాజ్యాంగం 166వ అధికరణం ప్రకారం ఉత్తర్వులన్నీ గవర్నరు పేరు మీదే వెలువడతాయి, కింద సంతకం కార్యదర్శిది. మంత్రి సంతకం శాఖ లోపలి నోట్‌ఫైల్లో ఉంటుంది, అది జీవోతో పాటు బయటికి రాదు.

తరవాత శాఖను ఎన్ని ముక్కలు చేశారో చూడాలి. ఉన్నత విద్య ఒకరికి, పాఠశాల విద్య ఒకరికి ఇవ్వడం మామూలే. కిరణ్‌కుమార్ రెడ్డి మంత్రివర్గంలో బడి చదువునే రెండు చేసి ప్రాథమిక విద్య శైలజానాథ్‌కు, మాధ్యమిక విద్య పార్థసారథికి ఇచ్చారు. అయిదో తరగతి దాటి ఆరులోకి వెళ్లే పిల్లకు మంత్రి మారతాడు! ఇది తప్పుడు పద్ధతని గట్టిగా అంటాను, ఎందుకంటే టీచర్ల సర్దుబాటు ఫైలు ఒకటే ఉంటుంది గానీ తిరగాల్సిన పేషీలు (మంత్రుల ఆఫీసులు) రెండవుతాయి. మొత్తం విద్య ఒకరి చేతిలో ఉన్నా అన్ని బడులూ ఆయనవి కావు. సాంఘిక సంక్షేమ గురుకులాలు, గిరిజన ఆశ్రమ పాఠశాలలు, బీసీ గురుకులాలు ఆయా సంక్షేమ శాఖలవి. అంగన్‌వాడీలు మహిళా శిశు సంక్షేమానివి. వినతిపత్రం పట్టుకుని తప్పు పేషీకి వెళ్లి రోజంతా కూర్చునేవాళ్లు ఇందుకే ఉంటారు. బోర్డు మీద బడి పేరు పూర్తిగా చదవండి, ఏ శాఖదో అందులోనే ఉంటుంది.

డీఎస్సీ సంగతి: ఖాళీల లెక్క జిల్లా విద్యాశాఖాధికారుల నుంచి కమిషనరేట్‌కు, అక్కణ్ణుంచి సచివాలయానికి వస్తుంది. రిజర్వేషన్ల రోస్టర్ సరిచూస్తారు. కానీ పోస్టుల భర్తీకి అనుమతి ఆర్థిక శాఖ ఇవ్వాలి, అది రాకుండా నోటిఫికేషన్ లేదు. 2024 జూన్ 13న 16,347 పోస్టుల మెగా డీఎస్సీ ఫైలు మీద సంతకం చేసింది ముఖ్యమంత్రి. నోటిఫికేషన్ వచ్చింది 2025 ఏప్రిల్ 20న, ఎస్సీ వర్గీకరణ తేలాక. నిరుద్యోగులు తిట్టేది మాత్రం విద్యాశాఖ మంత్రినే.

జాబితా రాసేటప్పుడు గడులు ఖాళీగా వదలొద్దు. 1954 నవంబరు నుంచి 1955 మార్చి దాకా ఆంధ్ర రాష్ట్రంలో, 1973లో, 2014లో రాష్ట్రపతి పాలన, అప్పుడు మంత్రులే లేరు, అలాగే రాయాలి. ఎవరికీ ఇవ్వని శాఖ ముఖ్యమంత్రి దగ్గరే ఉంటుంది. తెలంగాణలో 2019 సెప్టెంబరు నుంచి సబితా ఇంద్రారెడ్డి చూశారు, 2023 డిసెంబరులో వచ్చిన ప్రభుత్వంలో రేవంత్ రెడ్డి విద్యను తన దగ్గరే ఉంచుకున్నారు. కాబట్టి ఆ గడిలో ముఖ్యమంత్రి పేరే రాయండి.