స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్‌కి చిన్న స్కోప్ ఏది మంచిది? రెటికిల్ ఎలాంటిది ఉండాలి?

తిరుపతి దగ్గర తోటలో వాడడానికి 0.177 అంగుళాల పెల్లెట్ వాడే స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్ కొన్నానని, వేటకి పనికొచ్చే చిన్న స్కోప్, దానికి తగ్గ రెటికిల్ (స్కోప్‌లో కనిపించే గురి గీతలు) చెప్పమని అడిగారు. నా దగ్గర ఉన్నదీ అలాంటి రైఫిలే. పాకాల దగ్గర మా మామిడి తోటలో ఆరేళ్ళుగా టార్గెట్ కాలుస్తున్నాను. స్కోప్ సంగతి వివరంగా చెబుతాను, కానీ ముందు వేట గురించి ఒక మాట.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 9వ సెక్షన్ ప్రకారం మన దేశంలో వేట నిషేధం. గాయపరచడం, ఉచ్చు పెట్టడం, చివరికి ప్రయత్నం చేయడం కూడా ఆ చట్టంలో వేట కిందికే వస్తుంది. కాకులు, ఎలుకలు లాంటివాటిని విడిగా ఉంచిన పాత ఐదో షెడ్యూల్‌ని కూడా 2022 సవరణలో తీసేశారు. కాయలు కొరికే చిలకైనా, చెనిక్కాయ చేను తవ్వేసే అడవి పందైనా అనుమతి లేకుండా కాల్చకూడదు. పందుల బాధ నిజమే, రాత్రంతా చేనుకి కాపలా ఉన్న ఇంట్లో పుట్టినవాణ్ణి నేను. దానికి అటవీ శాఖకి అర్జీ పెట్టుకోవాలి. అర గ్రాము బరువుండే పెల్లెట్ పంది తోలులో దిగి చీము పట్టిస్తుందే తప్ప ప్రాణం తీయదు. ఒకసారి మా తోటలో రెక్కలో పెల్లెట్ దిగిన చిలక దొరికింది. రెండు రోజులు నీళ్ళు తాగించాను, మూడో రోజు చనిపోయింది. అందుకే ఈ మాట ముందుగా చెప్పాను.

ఇక స్కోప్. నేను మొదట చేసిన పొరపాటే చాలామంది చేస్తారు. ఎక్కువ జూమ్ ఉంటే ఎక్కువ గురి అనుకుని 3-9×40 (3 నుంచి 9 రెట్ల జూమ్, 40 మిల్లీమీటర్ల ముందు అద్దం) ఒకటి కొన్నాను. పది మీటర్ల దూరంలో పెట్టిన కాగితం 9 మీద పెడితే మసకమసకగా కనిపించేది. ఒకే చోట గురి పెట్టినా పెల్లెట్లు సెంటీమీటరు అటూ ఇటూ పడేవి. తప్పు నా చేతిదే అనుకుని నెల రోజులు టెన్షన్ పడ్డాను. తీరా చూస్తే అది పెద్ద తుపాకుల కోసం 100 గజాలకి పారలాక్స్ (కన్ను పక్కకి జరిగితే గురి కూడా జరిగినట్టు కనిపించడం) సరిచేసిన స్కోప్. అంత దూరానికి సరిచేసిన 40 మిల్లీమీటర్ల అద్దంతో పది మీటర్ల దగ్గర కాలిస్తే, కన్ను మధ్యలోంచి పక్కకి జరిగినప్పుడు సెంటీమీటరు దాటి తేడా వస్తుంది.

పరీక్ష చాలా తేలిక. రైఫిల్‌ని ఇసుక బస్తాల మధ్య కదలకుండా పెట్టి, చేయి తగలకుండా స్కోప్‌లోకి చూస్తూ తల కొంచెం అటూ ఇటూ ఆడించండి. క్రాస్‌హెయిర్, అంటే అడ్డం నిలువు గురి గీతలు, టార్గెట్ మీద జారుతున్నట్టు కనిపిస్తే ఆ దూరానికి ఆ స్కోప్ కుదరలేదని అర్థం. అందుకే స్కోప్ మీద ఏ.ఓ. అని ఉందో లేదో చూడండి. ముందు అద్దం దగ్గరి రింగు తిప్పి దూరం సరిచేసుకునే ఏర్పాటు అది. కొన్నిటికి పక్కన నాబ్ ఉంటుంది. ఏదైనా సరే, 10 గజాల దాకా కిందికి రావాలి.

నా స్కోప్‌కి జరిగిన రెండో నష్టం ఇంకా పెద్దది. మూడు నాలుగు వందల పెల్లెట్లు కాల్చేసరికి లోపల క్రాస్‌హెయిర్ వంకర తిరిగింది. పెద్ద తుపాకీ వెనక్కి మాత్రమే తంతుంది. స్ప్రింగ్ రైఫిల్ అలా కాదు. పిస్టన్ ముందుకి దూకేటప్పుడు రైఫిల్ వెనక్కి పోతుంది, ఆ పిస్టన్ చివర్లో ఆగగానే ఒక్కసారిగా ముందుకి కుదుపుతుంది. ఈ రెండో కుదుపుని తట్టుకునేలా మామూలు స్కోప్‌లని కట్టరు. స్ప్రింగ్ ఎయిర్‌గన్‌కి పనికొస్తుందని తయారీదారు రాసిచ్చినదే కొనండి. దుకాణంలో నోటిమాట మీద నమ్మి కొనకండి. స్కోప్‌ని రైఫిల్‌కి బిగించే మౌంటు కూడా ఒకే ముక్కగా, కింద స్టాప్ పిన్ ఉన్నది తీసుకోండి. లేకపోతే కాల్చినప్పుడల్లా స్కోప్ గాడిలో వెనక్కి జరుగుతూ ఉంటుంది.

మరి ఏ సైజు? వేటకి లైసెన్సు ఇచ్చే దేశాల్లో, దట్టమైన అడవిలో తిరిగేవాళ్ళు 1-4×24, 2-7×33 లాంటి చిన్నవి వాడతారు. జూమ్ తక్కువైతే కనిపించే వెడల్పు పెరుగుతుంది, తుపాకీ తేలిగ్గా ఉంటుంది. వాళ్ళు ఎక్కువగా ఇష్టపడేది డూప్లెక్స్ రెటికిల్. అంచుల్లో లావుగా, మధ్యలో సన్నగా ఉండే గీతలవి. ల్యూపోల్డ్ కంపెనీ 1962లో తెచ్చింది. మసక వెలుతురులో సన్న గీత కనపడకపోయినా లావు గీతలు కంటిని మధ్యకి తీసుకెళ్తాయి. మామిడి చెట్ల నీడలో నల్ల టార్గెట్ పెట్టి చూశాక దాని విలువ నాకూ తెలిసింది.

10 నుంచి 30 మీటర్ల టార్గెట్‌కి నేను చెప్పేది ఏ.ఓ. ఉన్న 4×32, లేదంటే 2-7×32. ముందు అద్దం సైజుని జూమ్‌తో భాగిస్తే కంటికి చేరే వెలుగు వలయం ఎంతో తెలుస్తుంది. 4×32కి అది 8 మిల్లీమీటర్లు, 9 మీద పెట్టిన 40కి నాలుగున్నర కూడా ఉండదు. సాయంత్రం ఆరు దాటాక ఆ తేడా స్పష్టంగా కనిపిస్తుంది. లైటు వెలిగే రెటికిల్‌కి అదనంగా డబ్బు పెట్టకండి.

రెటికిల్ విషయంలో మాత్రం నేను డూప్లెక్స్ వదిలి మిల్-డాట్‌కి (గీతల మీద మిల్‌కొకటి చొప్పున చుక్కలుండే రెటికిల్) వచ్చాను. కారణం పెల్లెట్ వెళ్ళే దారి. నా స్కోప్ గొట్టం బ్యారెల్‌కి 4 సెంటీమీటర్ల పైన ఉంటుంది. 20 మీటర్లకి జీరో చేశాను, అంటే ఆ దూరంలో పెల్లెట్ సరిగ్గా గురి మీద పడేలా సరిచేశాను. 10 మీటర్ల దగ్గర పెల్లెట్ సెంటీమీటరు కింద పడుతుంది, 15లోనూ 25లోనూ దాదాపు మధ్యలోనే పడుతుంది, 30 మీటర్లకి మళ్ళీ ఒకటిన్నర సెంటీమీటర్లు కిందికి దిగుతుంది. దగ్గరైనా కిందే పడుతుందని మొదట నమ్మలేకపోయాను. గొట్టం పైన, బ్యారెల్ కింద ఉన్నాయి కాబట్టి అంతే మరి. ఒక మిల్ అంటే 100 మీటర్లకి 10 సెంటీమీటర్లు, 10 మీటర్లకి ఒక సెంటీమీటరు. కాబట్టి 10 మీటర్ల టార్గెట్‌కి మధ్య చుక్క బదులు దాని కింది మొదటి చుక్కని పెడితే చాలు. 30 మీటర్లకి మధ్యకీ ఆ మొదటి చుక్కకీ సగం దూరంలో పెట్టాలి. టరెట్లు (గురి మార్చే మరలు) ముట్టుకోవక్కర్లేదు.

ఒక జాగ్రత్త. జూమ్ మారే స్కోప్‌లలో, ముఖ్యంగా మన బడ్జెట్‌లో దొరికేవాటిలో, ఆ చుక్కల కొలత ఒకే ఒక్క జూమ్ దగ్గర నిజం. ఆ జూమ్ ఏదన్నది స్కోప్‌తో వచ్చే కాగితంలో ఉంటుంది, అయినా 10 మీటర్ల దగ్గర స్కేలు నిలబెట్టి స్కోప్‌లోంచి మీరే కొలుచుకోండి.

జీరో చేసేటప్పుడు క్లిక్కుల లెక్క గుర్తుంచుకోండి. పావు ఎం.ఓ.ఏ. (ఎం.ఓ.ఏ. అంటే డిగ్రీలో 60వ వంతు కోణం) క్లిక్ ఉన్న స్కోప్‌లో 20 మీటర్ల దగ్గర ఒక క్లిక్‌కి పెల్లెట్ సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్లు జరుగుతుంది. సెంటీమీటరున్నర ఎత్తాలంటే పది క్లిక్కులు. ఐదు పెల్లెట్లు కాల్చి, వాటి మధ్య బిందువు చూసి తిప్పండి. ఒక్కదాన్ని చూసి తిప్పితే సాయంత్రం దాకా తిప్పుతూనే ఉంటారు. ముందు చేయి మీద రైఫిల్‌ని వదులుగా ఆనించండి, గట్టిగా బిగిస్తే స్ప్రింగ్ రైఫిల్ ప్రతిసారీ ఒక్కో చోట కొడుతుంది. టార్గెట్ వెనక మెత్తటి మట్టికట్ట ఉండాలి, రాయి గానీ గోడ గానీ ఉండకూడదు.

రేపెప్పుడైనా 10 మీటర్ల పోటీలకి వెళ్ళాలని ఉంటే స్కోప్ మీద ఎక్కువ ఖర్చు పెట్టకండి. ఆ రైఫిల్ పోటీలో స్కోప్ పనికిరాదు, పీప్ సైట్‌తో (సన్న రంధ్రంలోంచి చూసి గురిపెట్టేది) కాల్చాలి.

మీ రైఫిల్ మీద స్కోప్ బిగించడానికి 11 మిల్లీమీటర్ల డవ్‌టెయిల్ గాడి (పక్కలు వాలుగా కోసినది) ఉందా, పికటినీ రైలు (అడ్డంగా గాట్లున్నది) ఉందా? స్టాప్ పిన్ దిగడానికి రంధ్రం ఉందా? చూసి చెప్తే ఏ మౌంటు సరిపోతుందో చెబుతాను.